ఇంటర్న్‌షిప్ అయిపోయేలోపు చేసుకోవాల్సిన పనులు

ప్రశ్న: మాది రాజాం దగ్గర పల్లెటూరు. డిగ్రీ ఎంపీసీ చేసి, ఇప్పుడు విజయనగరంలో బీఈడీ రెండో ఏడాది చదువుతున్నాను. మెథడాలజీలు (బోధనకు శిక్షణ పొందే సబ్జెక్టులు) గణితం, ఫిజికల్ సైన్స్. చీపురుపల్లి వైపు ఒక జడ్పీ హైస్కూల్లో ఇంటర్న్‌షిప్ చేస్తున్నాను. ఇంకో నెలన్నరలో అయిపోతుంది. గైడ్ టీచర్ వెనక బెంచీలో కూర్చుంటే తొమ్మిదో తరగతి బుద్ధిగా వింటుంది. ఆయన స్టాఫ్ రూముకు వెళ్తే ఐదు నిమిషాల్లో గోల మొదలవుతుంది. అరిచి అరిచి గొంతు పోతోంది. రేపు సొంతంగా క్లాసు ఇస్తే నిలబడగలనా అని భయంగా ఉంది. నాన్న అవనిగడ్డ వెళ్లి డీఎస్సీ (ప్రభుత్వ టీచర్ల నియామక పరీక్ష) కోచింగ్ తీసుకోమంటున్నారు. రాజాంలో ఒక ప్రైవేటు స్కూలు వాళ్లు నెలకు 11 వేలు ఇస్తామంటున్నారు గానీ ఒరిజినల్ సర్టిఫికెట్లు వాళ్ల దగ్గర పెట్టమంటున్నారు. ఏం చేయాలో తోచడం లేదు.
— పేరు వద్దన్న పాఠకురాలు

సమాధానం: కోచింగ్, ఉద్యోగం సంగతి తర్వాత చూద్దాం. ముందు గోల సంగతి. ఎందుకంటే డీఎస్సీ పుస్తకాలు వచ్చే ఏడాదైనా చదువుకోవచ్చు, పక్కన ఓ అనుభవజ్ఞుడైన టీచర్ ఉండగా నలభై మంది పిల్లల ముందు నేర్చుకునే అవకాశం మాత్రం మీకు ఈ నెలన్నరే.

గైడ్ టీచర్ ఉంటే నిశ్శబ్దం, లేకపోతే గోల అంటున్నారు. ఇందులో మీ గొంతు తప్పేమీ లేదు. హాజరు వేసేది ఆయన, నోట్సు దిద్దేది ఆయన, మార్కులు వేసేది ఆయన, అమ్మానాన్నలకు ఫోన్ చేసేదీ ఆయనే. మీరు వచ్చి పాఠం చెప్పి వెళ్తారు. ఈ మేడం దగ్గర రాసినా రాయకపోయినా ఒకటేనని పిల్లలు మొదటి వారంలోనే పసిగడతారు. కాబట్టి ముందు గైడ్ టీచర్‌ను అడగండి: "సార్, మిగిలిన రోజులు తొమ్మిదో తరగతి ఒక్క సెక్షన్ పూర్తిగా నాకు వదిలేయండి. హాజరు, హోంవర్కు, స్లిప్ టెస్టు, దిద్దడం అన్నీ నేనే చూసుకుంటాను. మీరు వారానికి ఒక్క పీరియడ్ వచ్చి చూసి చెప్పండి." చాలామంది మాస్టార్లు సంతోషంగా ఒప్పుకుంటారు, వాళ్లకూ పని తగ్గుతుంది. రెండేళ్ల బీఈడీలో స్కూలుకు కేటాయించిన 20 వారాల్లో 16 వారాలు రెండో ఏడాదికే పెట్టింది ఇందుకే. లెసన్ ప్లాన్ల లెక్క పూర్తి చేయడానికి మాత్రమే వాడుకుంటే ఆ 16 వారాలూ వృథా. అక్కడో పాఠం, ఇక్కడో పాఠం కాకుండా ఒక యూనిట్ మొదటి పీరియడ్ నుంచి పరీక్ష పేపర్లు దిద్ది పిల్లలకు తిరిగి ఇచ్చేదాకా మీరే నడపాలి.

ఇక గోల ఎక్కడ పుడుతుందో గమనించండి. దాదాపు ఎప్పుడూ మూడు చోట్లే పుడుతుంది. మొదటిది, గంట కొట్టాక మీరు బోర్డు తుడిచి, సుద్దముక్క వెతుక్కుని, తేదీ వేసే ఆ మూడు నాలుగు నిమిషాలు. దీనికి మందు సులభం. లోపలికి వెళ్లగానే నిన్నటి పాఠంలోంచి ఒక ప్రశ్న బోర్డు మీద రాసేయాలి. ఒకే వాక్యం, రెండు నిమిషాల్లో జవాబు రాయగలిగేది. పిల్లలు రాస్తుండగా మీరు హాజరు వేసుకోవచ్చు. రోజూ ఇదే వరసలో జరిగితే వారం పది రోజుల్లో మీరు చెప్పకుండానే నోట్సు తీస్తారు. ఒక్కరోజు మానేస్తే మళ్లీ మొదటికొస్తుంది, ఆ జాగ్రత్త ఉండాలి.

రెండోది, మీరు బోర్డు వైపు తిరిగి ఏకబిగిన రాసుకుంటూ పోయేటప్పుడు. మూడు లైన్లకు మించి ఒక్కసారి రాయకండి. రాసి, తిరిగి, ఒకరిని పేరుతో పిలిచి ఆ లైను చదివించండి. పేరుతో అన్నది గట్టిగా పట్టుకోండి. "ఏయ్, వెనక చొక్కా" అంటే ఎవరూ పలకరు. బెంచీల వరసలో పేర్లు రాసిన కాగితం ఒకటి టేబుల్ మీద అంటించుకుని ఈ వారంలోనే నలభై పేర్లూ నోటికి తెచ్చుకోండి. బోర్డు రాత కూడా ఒకసారి చివరి బెంచీలో కూర్చుని చూడండి. అక్షరం రెండంగుళాలైనా లేకపోతే వెనకవాళ్లకు కనబడదు. కనబడనివాడు పక్కవాడిని అడుగుతాడు, అదీ గోలే.

మూడోది, లెక్క ఇచ్చాక. తొందరగా చేసినవాళ్లు ఐదు నిమిషాల్లో ముగించి కబుర్లలో పడతారు. వాళ్ల కోసం బోర్డు కుడి మూల ఎప్పుడూ ఇంకో లెక్క సిద్ధంగా ఉండాలి, కాస్త కష్టమైనది.

కేకలు వేయడం మానేయండి. మీరు గొంతు పెంచినకొద్దీ క్లాసూ పెంచుతుంది. మాట ఆపి, కదలకుండా నిలబడి, పక్క బెంచీ దాకా నడిచి, అక్కడ మెల్లగా మాట్లాడండి. బెత్తం జోలికి అసలు పోవద్దు. 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ కొట్టడాన్నే కాదు, మనసు నొప్పించేలా అవమానించడాన్నీ నిషేధించింది. చట్టం సంగతి అటుంచి, పదిమందిలో అవమానపడ్డ పిల్లాడు ఆ ఏడాదంతా మీ సబ్జెక్టు వైపు చూడడు. తప్పు చేసినవాడితో పీరియడ్ అయ్యాక వరండాలో, ఒక్కడితోనే, ఒక్క నిమిషం మాట్లాడితే చాలు.

"అర్థమైందా?" అని అడగడం కూడా మానుకోవాలి. అడిగితే నలభై గొంతులూ "అర్థమైంది మేడం" అంటాయి. దాంట్లోంచి మీకు తెలిసేది ఏమీ ఉండదు. పీరియడ్ చివరి ఐదు నిమిషాలు పక్కన పెట్టుకుని, పావు కాగితం మీద ఒకే ప్రశ్నకు జవాబు రాయించండి. ఇంటికెళ్లి వాటికి మార్కులు వేయక్కర్లేదు. వచ్చినవాళ్లు, సగం వచ్చినవాళ్లు, రానివాళ్లు అని మూడు కట్టలు కట్టండి. పది నిమిషాల పని. మూడో కట్ట పెద్దదైతే రేపు కొత్త పాఠం వద్దు.

పాఠం సిద్ధం చేసుకోవడమంటే లెసన్ ప్లాన్ రాయడమొక్కటే కాదని ఒక ఉదాహరణతో చెబుతాం. పదో తరగతిలో ఓమ్ నియమం తీసుకోండి. కొత్త టీచర్లు చాలామంది టార్చి బల్బు, సెల్స్ పట్టుకెళ్లి చేసి చూపించబోయి చిక్కుల్లో పడతారు. బల్బుతో చేస్తే వోల్టేజిని కరెంటుతో భాగించినప్పుడు ఒకే విలువ రాదు, సెల్స్ పెంచినకొద్దీ పెరుగుతుంది. ఫిలమెంట్ వేడెక్కేసరికి దాని నిరోధం పెరగడమే కారణం. పిల్లాడు లేచి "మేడం, నియమం తప్పా?" అంటే నోట మాట రాదు. దాని బదులు టీవీ రిపేరు షాపులో 10 ఓంలు, 5 వాట్ల రెసిస్టర్ ఒకటి కొనండి. చిన్న పావు వాట్ రెసిస్టర్ వద్దు. మూడు సెల్స్ పెట్టేసరికి దాంట్లో రెండు వాట్ల వేడి పుడుతుంది, పొగ వస్తుంది. కొత్త సెల్స్ మూడు, సున్నా నుంచి 500 మిల్లీ ఆంపియర్ల దాకా చూపే అమ్మీటర్, ఒక వోల్ట్ మీటర్, ఒక కీ చాలు. అమ్మీటర్ శ్రేణిలో, వోల్ట్ మీటర్ రెసిస్టర్ రెండు చివరలకు సమాంతరంగా. ఒక సెల్‌తో 0.15, రెండింటితో 0.30, మూడింటితో 0.45 ఆంపియర్ల దగ్గర రీడింగు రావాలి. సెల్ మీద 1.5 అని రాసి ఉన్నా వోల్ట్ మీటర్ కాస్త తక్కువే చూపిస్తుంది. కంగారు పడొద్దు, చూపించిందే రాయించండి. భాగిస్తే పదికి దగ్గరగానే వస్తుంది.

ఇందులో తప్పు జరిగే చోట్లు నాలుగు. అమ్మీటర్‌ను సమాంతరంగా కలిపేస్తే సెల్ షార్టై ముల్లు విసురుగా చివరికి కొట్టుకుంటుంది, లోపలి కాయిల్ కాలిపోవచ్చు. ధన, రుణ ధ్రువాలు తారుమారైతే ముల్లు వెనక్కి పోతుంది. తుప్పు పట్టిన క్లిప్పులతో రీడింగు ఊగుతుంది, ముందురోజే గరుకు కాగితంతో రుద్దిపెట్టుకోవాలి. కీ రీడింగు తీసేటప్పుడే వేసి వెంటనే తీయించాలి, లేకపోతే సెల్స్ దిగిపోయి మూడో రీడింగు తేడా కొడుతుంది. ఇదంతా ముందురోజు సాయంత్రం ల్యాబులో ఒక్కసారి చేసి చూసుకుంటేనే తెలుస్తుంది. ప్రయోగం అయ్యాక బల్బు పెట్టి, ఇది ఎందుకు వేరుగా ప్రవర్తిస్తోందని మీరే ఎదురు అడగండి. అప్పుడు ఇందాకటి చిక్కే మంచి ప్రశ్న అవుతుంది. ఈ నెలన్నరలో ఇలాంటి పాఠాలు ఆరో ఏడో సిద్ధం చేసుకుని సామాన్ల జాబితా, వచ్చిన రీడింగులు, దొర్లిన తప్పులు ఒక నోట్సులో రాసిపెట్టుకుంటే, కాలేజీకి ఇచ్చే రికార్డు కంటే అదే మీకు ఎక్కువ కాలం పనికొస్తుంది.

మన ప్రాంతం గురించి రెండు మాటలు. చీపురుపల్లి, రాజాం చుట్టుపక్కల ఊళ్లలో తల్లిదండ్రులు విశాఖ, హైదరాబాద్, చెన్నైలకు పనులకు పోతే పిల్లలు తాతామామ్మల దగ్గర ఉండిపోతారు. హాజరు రిజిస్టరులో ఉన్న ఫోన్ నంబరు తీస్తే ఎక్కడో సైట్‌లో ఉన్న తండ్రి పలుకుతాడు, పిల్లాడు ఎందుకు రాలేదో ఆయనకూ తెలియదు. ఇంట్లో పిల్లాడి దగ్గర ఉన్నవాళ్ల నంబరు ఒకటి మీ నోట్సులో విడిగా రాసుకోండి. విజయనగరం చుట్టుపక్కల దసరా వెళ్లిన మంగళవారం సిరిమానోత్సవానికి, ఊళ్లలో గ్రామదేవత పండగలకు సగం క్లాసు రాదు. ఆ రోజుల్లో కొత్త యూనిట్ మొదలుపెట్టకుండా పాతది తిరగేయండి.

భాష విషయంలో మరీ జాగ్రత్త. "ఏటి మేడం", "నాను సెయ్యనేదు" అని పిల్లలు అంటే నవ్వొద్దు, మిగతావాళ్లను నవ్వనివ్వొద్దు. పాఠ్యపుస్తకం ఒక పక్క ఇంగ్లిష్‌లో, ఎదుటి పేజీలో తెలుగులో ఉంటుంది, పరీక్ష చాలామంది ఇంగ్లిష్‌లో రాస్తారు, ఇంట్లో మాట్లాడేది వేరే తెలుగు. మూడింటి మధ్య నలిగే పిల్లాడు ముందు తన మాటలోనే విషయం చెప్పగలగాలి. తర్వాత పుస్తకం మాట, ఆ తర్వాత ఇంగ్లిష్ పదం. రేపు మీకు సీతంపేట, భామిని వైపు పోస్టింగ్ వస్తే సవర పిల్లలు ఉంటారు, ఇచ్ఛాపురం వైపైతే ఒడియా మాట్లాడే పిల్లలు. సవర పిల్లలకు చదువు చెప్పించాలని తానే సవర భాష నేర్చుకున్న గిడుగు రామమూర్తి ఈ ప్రాంతపు మాస్టారే. అంత పని మనం చేయలేకపోయినా, లెక్కల క్లాసులో అవసరమయ్యే ముప్పై నలభై మాటలు పిల్లల దగ్గరే నేర్చుకోవచ్చు.

ఇప్పుడు డీఎస్సీ. మీరు బీఈడీ కాబట్టి ఎస్జీటీ (ప్రాథమిక తరగతుల టీచరు) పోస్టులకు అర్హత లేదు. ప్రాథమిక తరగతులకు బీఈడీ చెల్లదని 2023 ఆగస్టు 11న సుప్రీంకోర్టు తేల్చింది. మీ దారి స్కూల్ అసిస్టెంట్, అంటే హైస్కూలు సబ్జెక్టు టీచరు. గణితం, ఫిజికల్ సైన్స్ రెండు మెథడాలజీలు ఉండటం మీకు కలిసొచ్చే విషయం, అర్హత నిబంధనలు సరిపోతే రెండు పోస్టులకూ రాసుకోవచ్చు.

ముందు టెట్, అంటే టీచరు అర్హత పరీక్ష. 150 ప్రశ్నలు, 150 మార్కులు. ఓసీలకు 90, బీసీలకు 75, ఎస్సీ, ఎస్టీలకు 60 వస్తే పాస్. కానీ పాసైతే చాలనుకోవడం పెద్ద పొరపాటు. స్కూల్ అసిస్టెంట్ ఎంపికలో డీఎస్సీ పరీక్షకు 80, టెట్‌కు 20 మార్కుల వెయిటేజి. లెక్క వేయండి: టెట్‌లో 15 మార్కులు ఎక్కువ తెచ్చుకుంటే తుది జాబితాలో రెండు మార్కులు పెరుగుతాయి. డీఎస్సీలో ప్రశ్నకు అరమార్కు కాబట్టి ఆ రెండు మార్కులు నాలుగు ప్రశ్నలతో సమానం. ర్యాంకుల దగ్గర అరమార్కుకే ఉద్యోగాలు తారుమారవుతాయి. టెట్ ఎన్నిసార్లైనా రాయొచ్చు, సర్టిఫికెట్ జీవితకాలం చెల్లుతుంది. ఎంపీసీ వాళ్లు దెబ్బతినేది రెండు చోట్ల. గణితం, సైన్స్ భాగంలో జీవశాస్త్రం కూడా వస్తుంది, దాన్ని పట్టించుకోరు. తెలుగు, ఇంగ్లిష్ కలిపి 60 మార్కులు, వచ్చేస్తుందిలే అని వదిలేస్తారు. ఆరు నుంచి పది వరకు జీవశాస్త్రం పుస్తకాలు ఒకసారి నిదానంగా చదివితే ఆ లోటు తీరుతుంది. కేంద్రీయ విద్యాలయాలు, ఏకలవ్య పాఠశాలల మీద ఆశ ఉంటే సీటెట్ (కేంద్రం పెట్టే టెట్) కూడా రాయండి. దానికి చివరి ఏడాదిలో ఉన్నవాళ్లూ అర్హులే.

2025 మెగా డీఎస్సీలో స్కూల్ అసిస్టెంట్ పేపరు 160 ప్రశ్నలు. అందులో 80 ప్రశ్నలు కంటెంట్, 40 మెథడాలజీ, 20 జీకే, వర్తమానాంశాలు, పది విద్యా దృక్పథాలు, పది మనోవిజ్ఞానం. అంటే మూడొంతులు మీ సబ్జెక్టు, దాన్ని చెప్పే పద్ధతి. క్లాసులో రోజూ చేసే పనే అది. అందుకే మా అభిప్రాయం నాన్నగారికి కాస్త వేరుగా ఉంటుంది: ఇప్పుడే అవనిగడ్డ వద్దు. 2018 తర్వాత మళ్లీ పెద్ద డీఎస్సీ 2025లోనే జరిగింది. రాష్ట్రమంతా 16,347 పోస్టులు, ఉమ్మడి శ్రీకాకుళానికి 543, విజయనగరానికి 583. నోటిఫికేషన్ ఏప్రిల్ 20న వచ్చింది, పరీక్షలు జూన్ 6న మొదలయ్యాయి. మధ్యలో ఉన్నది నెలన్నర. ఆ నెలన్నరలో కంటెంట్ మొదలుపెట్టినవాళ్లు ఎంత చదివినా చాలదు. మరోవైపు నోటిఫికేషన్ ఎప్పుడొస్తుందో తెలియకుండా హాస్టల్ గదిలో కూర్చుంటే డబ్బు పోతుంది, క్లాసు అలవాటూ పోతుంది. టీచరుగా పనిచేస్తూ రోజూ ఉదయం రెండు గంటలు చదవండి. ఆ వారం మీరు చెప్పే పాఠం ఏ తరగతిదైతే దాని వెనక ఉన్న ఇంటర్ పాఠం దాకా చదవాలి. నోటిఫికేషన్ వచ్చాక నమూనా పరీక్షల కోసం కోచింగ్‌కు వెళ్లండి. అప్పుడు పెట్టిన డబ్బుకు ఫలితం ఉంటుంది.

రాజాం స్కూలు ఉద్యోగం చేయొచ్చు, కానీ షరతుల మీద. ఒరిజినల్ సర్టిఫికెట్లు ఎట్టి పరిస్థితుల్లోనూ ఇవ్వొద్దు. చూపించండి, జిరాక్సులు ఇవ్వండి, అంతే. డీఎస్సీ సర్టిఫికెట్ల పరిశీలనకు పిలిచినప్పుడు టైము రోజుల్లోనే ఉంటుంది. అప్పుడు యాజమాన్యం పరీక్షలయ్యేదాకా వాటిని ఇవ్వం అంటే ఏం చేస్తారు? అపాయింట్‌మెంట్ ఆర్డరు కాగితం మీద తీసుకోండి. జీతం, రోజుకు పీరియడ్లు, మే నెల జీతం ఉందా లేదా, మానేయాలంటే ఎన్ని రోజుల ముందు చెప్పాలి, అనుభవ ధ్రువపత్రం ఇస్తారా అన్నవి అందులో ఉండాలి. సిబ్బంది ఇరవై మంది గానీ అంతకు మించి గానీ ఉంటే పీఎఫ్ వర్తిస్తుంది, అది అడగడం మీ హక్కు. రోజుకు ఆరు పీరియడ్లు దాటితే సాయంత్రానికి చదివే ఓపిక ఉండదు. ఇచ్చేది ఎనిమిది, తొమ్మిది, పది తరగతుల గణితమో ఫిజిక్సో అయితేనే ఒప్పుకోండి. ఎల్కేజీ ఇన్‌ఛార్జితో పాటు అడ్మిషన్ల కోసం ఊళ్లు తిరగమంటే ఆ 11 వేలకు మీ ఏడాది పోతుంది.

డెమో క్లాసు పది, పదిహేను నిమిషాలే ఇస్తారు. యూనిట్ మొత్తం చెప్పేయాలని పరుగెత్తకండి. ఒకే భావన, ఒక ప్రశ్న, ఒక చిన్న ప్రయోగం చాలు. కుర్చీల్లో కూర్చున్న ప్రిన్సిపాల్ వైపు కాకుండా బెంచీల్లో పిల్లల వైపు చూసి చెప్పండి.

సర్టిఫికెట్ల పని మాత్రం ఇప్పుడే మొదలుపెట్టండి. నాలుగు నుంచి పదో తరగతి వరకు ఏడేళ్ల స్టడీ సర్టిఫికెట్లు కావాలి, లోకల్ ఎవరన్నది వాటిని బట్టే తేలుతుంది. మీకు ఇక్కడొక మెలిక ఉంది. రాజాం 2022 ఏప్రిల్ నుంచి విజయనగరం జిల్లాలో ఉంది, కానీ 2025 డీఎస్సీ పాత ఉమ్మడి జిల్లాల లెక్కనే జరిగింది. ఆ లెక్కన రాజాంలో చదివినవాళ్లు శ్రీకాకుళం లోకల్. బీఈడీ విజయనగరంలో చేశాను కదా అని ఆ జిల్లా పెట్టేస్తే నాన్ లోకల్ అయిపోతారు. వచ్చే నోటిఫికేషన్‌లో జిల్లాల పేరా ముందు చదివి, తర్వాతే దరఖాస్తు నింపండి. చిన్నప్పటి బడి మూతపడినా, వేరే బడిలో కలిసిపోయినా, రికార్డు ఎక్కడుందో ఎంఈఓ (మండల విద్యాధికారి) కార్యాలయంలో అడగాలి. పదో తరగతి మెమోలో ఉన్న పేరు, ఇంటిపేరు, పుట్టినతేదీ ఆధార్‌లో అక్షరం తేడా లేకుండా ఉన్నాయో చూసి, లేకపోతే ఆధార్‌నే మార్పించుకోండి. ఈడబ్ల్యూఎస్ అయితే ఆ పత్రం ఏటా కొత్తది తీయాలి.

వేసవి సెలవులు ఇస్తే బడుల్లో హెచ్ఎంలు దొరకరు. స్టడీ సర్టిఫికెట్ల కోసం ఈ శనివారమే ఒక పూట సెలవు పెట్టి మీ ఊరి బడికి వెళ్లండి. సోమవారం గైడ్ టీచర్‌తో సెక్షన్ సంగతి మాట్లాడండి.